గడ్డిమందుకు ఒక రోజు ముందు

పొద్దున్నే ఫోను మోగింది. కొత్త నంబరు. "పంతులమ్మగారాండీ? నేనండి, గేదెల మామ్మ కొడుకునండి. అమ్మ పోయిందండి. సాయంత్రం భూస్థాపనండి. మీకు ఒక మాట చెప్పమందండి" అన్నాడు. ఏం చెప్పమంది అని అడిగాను. "పోయానని చెప్పమందండి. అంతేనండి" అన్నాడు.

మా అమ్మకు టీ కాచి ఇచ్చి, తెనాలి స్టేషనుకు నడిచి, రేపల్లె బండి ఎక్కాను.

ఆ లైనులో, వేమూరు దాటాక వచ్చే ఒక చిన్న ఊరి బళ్ళో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. పొద్దున తెనాలిలో ఎక్కి అక్కడ దిగేదాన్ని, సాయంత్రం అక్కడ ఎక్కి తెనాలిలో దిగేదాన్ని. ఆమెది ఆ ఊరే, గడ్డి కోసం పక్క ఊళ్ళకు పోయి వస్తూ ఆ బండిలోనే పరిచయమైంది. ఆమెకో పేరుండే ఉంటుంది, చిన్నప్పుడు చర్చిలో పెట్టిన పేరు. ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఊరందరికీ గేదెల మామ్మే. నాకు తెలిసినంత కాలం ఆమెకున్నది ఒకే ఒక్క గేదె. మరి గేదెలు ఎక్కణ్ణించి వచ్చాయని ఒకసారి అడిగితే, "ముందు రెండుండేవండి. ఒకటి పోయినా పిలుపు మార్చుకోలేదు, బాగుంది గదా అని" అంది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. కొడవలికి గుడ్డపేలిక చుట్టి వీపు వెనక చీర మడతలో దోపుకునేది. కోసిన గడ్డిని పాత ఫ్లెక్సీలో మూట కట్టేది. దాని మీద ఎవరో నాయకుడు చేతులు జోడించి నవ్వుతూ ఉండేవాడు. "ఎలక్షన్లప్పుడు మేం ఆయన్ని మోశాం, ఇప్పుడు ఆయన మా గడ్డి మోస్తన్నాడు" అనేది. టిక్కెట్టు కొనేది కాదు. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే మూటకు ఆనుకుని కూలబడేది.

ఒకసారి మూటలోంచి నీళ్ళు కారి ఒకాయన చెప్పులు తడిశాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు, ఏదో ఆఫీసులో పనిచేసే మనిషి. ఆయన ఇంతెత్తున లేచాడు. "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? మనుషులెక్కే పెట్టెలో ఇదేంటి?"

ఆమె మొహంలో కోపం లేదు. "రెండూ తింటానండి" అంది.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నేనూ నవ్వాను. అది వేళాకోళానికి అన్న మాట కాదని నాకు తర్వాత తెలిసింది.

ఒక సాయంత్రం బడి నుంచి స్టేషనుకు నడుస్తుంటే రైలుకట్ట కింద కనిపించింది. వంగి ఒక గరిక పోచ తుంచింది. నోట్లో వేసుకుని ముందు పళ్ళతో నమిలింది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. తుపుక్కున ఉమ్మేసి, అప్పుడు కొడవలి తీసింది. కొంచెం కోసి, కొంచెం ముందుకు జరిగి మళ్ళీ అదే పని.

"అదేంటి మామ్మా, రుచి చూస్తున్నావా?" అని అడిగాను.

"మందు కొట్టారేమోనని చూస్తన్నానండి. కొట్టిన రోజే మాడిపోదు గదా, పచ్చగా నవనవలాడతానే ఉంటది. కంటికి తెలవదు. నాలిక్కి తెలుసుద్ది."

"నీకేమన్నా అయితేనో?"

"నేను పోతే ఒక మనిషి తిండి తగ్గుద్ది. గేదె పోతే ఇంటిల్లిపాదికీ తగ్గుద్ది" అని చెప్పి మళ్ళీ వంగింది.

ఆమెను దేవతను చేసి చెప్పడం నాకిష్టం లేదు. నోరు మంచిది కాదు. వాళ్ళ పేటలో ఆమెతో పోట్లాడని ఇల్లు లేదు. బడికి టీ పాలు తెచ్చిపోసేది, అందులో నీళ్ళు కలిపేది, అడిగితే ఒప్పుకునేది. "చిక్కటి పాలు మీకు పడవండి, పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం" అనేది. ఎవరిదో చేలో మేతకు వేసిన పిల్లిపెసర కోసుకొచ్చి పట్టుబడితే, దారి తప్పి వెళ్ళానని పెద్దమనుషుల ముందు ప్రమాణం చేసింది. తను పుట్టిన ఊళ్ళోనే దారి తప్పింది. కానీ రంజాన్ నెలలో మాత్రం నేను బండెక్కగానే పొగాకు కాడ నోట్లోంచి తీసేసి కొంగున ముడేసుకునేది. "మీరు పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టరంట గదా. మీ ఎదురుగా నేను నమలడం బాగుండదు" అనేది. మా ఇంటి వీధిలో కూడా అంత మర్యాద ఎవరూ పాటించేవారు కాదు.

ఆమె మాటల్లోంచి ఏరుకుంటే నాకు అర్థమైంది ఏమిటంటే, ఒకప్పుడు ఆ ఊళ్ళో పొలం లేనివాళ్ళు కూడా పొలం మీదే బతికారు. వరిలో కలుపు తీసిన ఆడవాళ్ళు కూలి పుచ్చుకునేవారు, తీసిన కలుపును మూటకట్టి ఇంట్లో గేదెకు వేసేవారు. కోతలయ్యాక నేల మీద రాలిన వెన్నులు ఏరుకునేవారు. పరిగె అంటారు దాన్ని. ఎవరూ కాదనేవారు కాదు. వరి తర్వాత మినుము వేస్తే, మినుము పీకినందుకు గింజలు కూలి కింద వచ్చేవి, పొట్టు గేదెకు వచ్చేది. సెంటు భూమి లేని ఇంట్లో కూడా గేదె ఉండేది, గేదె ఉంది కాబట్టి పిల్లలకు గుడ్డ ఉండేది.

తర్వాత కోత మిషన్లు వచ్చాయి. మినుముకు తెగుళ్ళు తగిలి, రైతులు దాన్ని వదిలేసి మొక్కజొన్నకు మళ్ళారు. వరి కోసిన మళ్ళోనే, దున్నకుండా, గడ్డిమందు కొట్టి మొక్కజొన్న పెట్టేస్తారు. కలుపు తీసే పని పోయింది. కలుపే పోయింది. పురుగు దాక్కుంటుందని గట్ల మీద కూడా కొడతారు. రైల్లోంచి చూస్తే చేలు పచ్చగా ఉండి, వాటి చుట్టూ గట్లు మాత్రం కొబ్బరితాడులా ఎర్రగా కనిపించేవి.

"మొన్న పాస్టరుగారు పరిగె ఏరుకున్న ఒక విధవరాలి కథ చెప్పారండి" అందొకసారి. "ఆ చేను గలాయనే ఆఖరికి ఆవిణ్ణి చేసుకున్నాడంట. బయటికొచ్చాక అడిగా, అయ్యగారూ, ఆ రోజుల్లో కోత మిషనుంటే ఆవిడ సంగతేంటండీ అని."

"ఏమన్నారు?"

"నెత్తి మీద చెయ్యేసి, ప్రార్థన చేసుకో అమ్మా అన్నారు."

ఇక ఆమె కొడుకు సంగతి. ఒక్కడే కొడుకు. చదువు అబ్బలేదు. కూలి పనులు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే, ఆ చుట్టుపక్కల ఏడాది పొడుగునా పిలుపు ఉన్న పని ఒక్కటే మిగిలింది, మందు కొట్టడం. వీపున మందు డబ్బా, దానికో మోటారు, చేతిలో పైపు. ఏ ఆసామి పిలిస్తే ఆ చేలోకి వెళ్ళి గడ్డిమందు కొట్టి వచ్చేవాడు. తల్లి గడ్డి కోసేది. కొడుకు గడ్డి చంపేవాడు. ఇద్దరి సంపాదనా ఒకే పొయ్యి మీదికి వచ్చేది.

ఈ సంగతి నాకు వాళ్ళింట్లోనే తెలిసింది. గేదె ఈనిందని, జున్ను తినిపోవాలని పట్టుబట్టి తీసుకెళ్ళింది. రేకుల ఇల్లు, పక్కనే తాటాకుల పాక. ఇంట్లో కంటే పాకలోనే శుభ్రం ఎక్కువ. నేను జున్ను తింటుండగా కొడుకు వచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఆపింది.

"అక్కడే ఉండు. కాలవలో మునిగి రా. ఆ బట్టలతో దూడ దగ్గరికి రాబాక."

అతను వెళ్ళి స్నానం చేసి వచ్చాడు. పెద్ద మనిషే, పెళ్ళయినవాడు. భార్య రేపల్లె అవతల రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచే పనికి పోతుందని చెప్పారు. అతని గోళ్ళు కొన్ని నల్లబడి, వేళ్ళ నుంచి ఊడిపోయేలా ఉన్నాయి. తల్లి అన్నం పెడుతూ అడిగింది.

"రేపెటు?"

"రేపు స్టేషను వెనకాల మొక్కజొన్న. ఎల్లుండి డ్రైను కాలవ పక్క గట్లు."

"డ్రైను పక్క పొద్దున కొడతావా, మజ్జానమా?"

"పొద్దున్నే రమ్మన్నారు."

"అయితే రేపే కోసుకుంటా."

అంతే వాళ్ళ ఒప్పందం. కొడుకు మందు కొట్టబోయే చోటుకి ఒక రోజు ముందు తల్లి వెళ్ళి, ఉన్న గడ్డంతా కోసి తెచ్చుకునేది. ఆమె కోసేస్తే అతనికీ పని సులువయ్యేది. మరి గడ్డి నమిలి చూడటం ఎందుకని అడిగాను. "వీడొక్కడేనా మందు కొట్టేది?" అంది.

ఒక రోజు ఆ ఒప్పందం తప్పింది. మా బడి వెనకే ఒక మొక్కజొన్న చేను ఉండేది. దాని గట్టు మీద అడుగెత్తు గడ్డి పెరిగింది. మర్నాడు కొట్టాల్సిన మందును, వాన వచ్చేలా ఉందని ఆ రోజే కొట్టమన్నాడు చేను చేసే రైతు. మధ్యాహ్నం భోజనాల వేళ మేము చూస్తుండగా, కొడుకు డబ్బా తగిలించుకుని గట్టెక్కాడు. తల్లి ఎటునుంచి వచ్చిందో వచ్చి గట్టు మధ్యలో కూర్చుంది.

"మామ్మా, లే. మందు కలిపేశాం" అన్నాడు రైతు.

"రేపన్నారు గదా. మాటంటే మాటుండొద్దా?"

"వానొస్తే మందు కడుక్కుపోద్ది. మళ్ళా ఎవరు కొంటారు? నాదేమన్నా సొంత చేనా? కౌలుకి చేస్తన్నా. కూలోళ్ళని పెట్టి తీయిస్తే ఆఖర్న నాకు మిగిలేది ఆ డబ్బాలో మందే, తాగడానికి."

ఆమె కదల్లేదు. కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి "అమ్మా, లెగు" అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆమె లేచింది. కానీ పక్కకు తప్పుకోలేదు. వీపు వెనక నుంచి కొడవలి తీసి, వంగి, గట్టు మీద కోసుకుంటూ ముందుకు నడవడం మొదలుపెట్టింది. కొడుకు మోటారు ఆన్ చేశాడు. ఆమె కోసి జరిగిన చోట అతను మందు కొట్టాడు. ఆమె ఆగితే అతను ఆగాడు. పైపును నేల వైపు వంచి, మోటారు ఊరికే తిరుగుతుంటే, తల్లి వీపు చూస్తూ నిలబడ్డాడు. "నడవరా! మబ్బు దిగుతంది!" అని రైతు కేకలేస్తున్నాడు. అతనికి వినిపించనట్టే ఉంది. గట్టు ఆ చివరి దాకా అలాగే వెళ్ళారు, ముందు తల్లి, వెనక కొడుకు. చివర మూట కట్టి ఆమె నెత్తికెత్తుకోబోతే, అతను డబ్బా విప్పి సాయం చెయ్యబోయాడు. "ముట్టుకోబాక" అంది. ఎందుకన్నదో అతనికి తెలుసు. చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేనే వెళ్ళి మూట ఎత్తాను.

ఆ తర్వాతి ఏడాది ఎండాకాలంలో గేదె చచ్చిపోయింది.

జరిగింది నాకు పేటవాళ్ళు చెప్పారు. ఆ రోజు కొడుక్కి పనిలేదు. మధ్యాహ్నం ఎవరో పిలిస్తే, ఊరవతల ఒక పంటబోదె గట్టుకి మందు కొట్టి వచ్చాడు. తల్లి అప్పటికే గడ్డి కోసం ఎక్కడెక్కడో తిరిగి, ఏమీ దొరక్క, పొద్దు వాలేవేళకు ఆ గట్టు దగ్గరికే వెళ్ళింది. అది తన కొడుకు ఆ రోజు వెళ్ళని చోటు అని ఆమె నమ్మకం. నమిలి చూసిందో, ఎండకు నాలుక మొద్దుబారిందో, అలసిపోయి చూడకుండానే కోసిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. తెల్లారేసరికి గేదె నురగ కక్కుతూ పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేలోపే పోయింది. మందు వల్లా, మరొకటా అని ఆయన కూడా గట్టిగా చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

నాలుగైదు రోజులు పోయాక ఆమె బండెక్కింది. మూట లేదు, కొడవలి లేదు. మొదటిసారిగా వచ్చి నా పక్కన సీటు మీద కూర్చుంది. బండి కదిలాక ఆమే మొదలుపెట్టింది.

"మీరొకసారి మా ఇంటికి రావాలండి. వాడు అన్నం తినడం లేదు."

"వస్తాను మామ్మా. ఏం చెప్పమంటావు?"

"పని మానేస్తానంటన్నాడు. డబ్బా అమ్మేస్తాడంట. మానొద్దని చెప్పండి."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె కిటికీ బయటకు చూస్తోంది.

"గేదె ఎట్టాగూ పోయింది గదండీ. ఇప్పుడు ఆ పని కూడా పోతే ఏం చేస్తాడు? ఇంకోటి ఏముంది ఊళ్ళో? మీరు చెప్తే వింటాడు, పంతులమ్మలు గదా. నేను చెప్తే ఏడుస్తన్నాడు."

మర్నాడు బడి వదిలాక వెళ్ళాను. ఖాళీ పాకలో, గేదెను కట్టేసే రాటకు ఆనుకుని కూర్చున్నాడు. నీ తప్పేమీ లేదన్నాను. పని మానొద్దు, మీ అమ్మ కోసమైనా వెళ్ళమన్నాను. తల ఊపాడు. "సరేనండి" అన్నాడు. గుమ్మంలో ఆమె కంచంలో అన్నం కలిపి పట్టుకుని నిలబడి ఉంది. నేను తప్పుకోగానే లోపలికి వెళ్ళి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు ముద్ద నోటికి అందించింది. అతను తిన్నాడు. తర్వాతి సోమవారం డబ్బా తగిలించుకుని పనిలోకి వెళ్ళాడు.

మళ్ళీ గేదెను కొనే స్థితి వాళ్ళకు రాలేదు. ఆమె మాత్రం గడ్డి కొయ్యడం మానలేదు. కోసిన గడ్డిని తెనాలి తెచ్చి చిన్న చిన్న కట్టలు కట్టి, గుళ్ళ ముందు అమ్మేది. పుణ్యానికి ఆవులకు తినిపించేవాళ్ళు కొనుక్కునేవారు. ఊళ్ళో గడ్డి తగ్గేకొద్దీ ఆమె దూరం పోవడం మొదలుపెట్టింది. తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్ళేది, అక్కణ్ణించి కర్లపాలెం వైపు నడిచేది. ఆ వయసులో అంత దూరం ఎందుకని అడిగితే, "కూర్చుంటే కాళ్ళు లాగుతాయండి" అని ఏదో చెప్పేది.

నాకు బదిలీ అయింది. చివరిసారి ఆమెను తెనాలి ప్లాట్‌ఫారం మీద చూశాను. బాగా చిక్కిపోయింది. బన్ను కొనిచ్చాను. టీలో ముంచి, మెత్తగా అయ్యాక కూడా కష్టంగా మింగింది. నోరంతా పుండని, కారం తగిలితే ప్రాణం పోతోందని చెప్పింది. ఆసుపత్రికి వెళ్ళావా అంటే, "వెళ్ళానండి. పూతమందు ఇచ్చారు. పొగాకు మానమన్నారు, మానేశా" అంది. గడ్డి నమిలే సంగతి చెప్పావా అని అడిగాను. చెప్పలేదట. "నవ్వుతారండీ" అంది.

ఊరి కబుర్లు చెప్పింది. బడి వెనక చేను ఆసామి కౌలు రైతును తీసేసి, భూమిని రొయ్యల చెరువుల వాళ్ళకు ఇచ్చేశాడు. ఆ కౌలు రైతు హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళిపోయాడు. ఒకరిని చూసి ఒకరు చెరువులు తవ్వారు. "ఇప్పుడు గట్టున మందు కొట్టక్కర్లేదండి, ఉప్పుకి ఏదీ మొలవడం లేదు. మావాడికీ పిలుపులు తగ్గినయ్యి. వాడు కూడా దూరం పోతన్నాడు" అంది. బాపట్ల బండి వచ్చింది. మూట కట్టే ఫ్లెక్సీని మడిచి చంకన పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ ఎక్కేసింది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే ఊరు వచ్చింది. దిగి పేట వైపు నడిచాను. దారికి అటూ ఇటూ నాకు తెలిసిన చేలు లేవు. అన్నీ చెరువులు, వాటిలో నీళ్ళకు గాలి పట్టించడానికి గిరగిరా తిరుగుతున్న చక్రాలు, వాటి చప్పుడు.

ఇంటి ముందు షామియానా వేశారు. పెట్టెలో ఆమె ఇంకా పొడుగ్గా కనిపించింది. పెదవులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. సాయంత్రం ప్రార్థన అయ్యాక పెట్టె ఎత్తారు. ఆ పేట వాళ్ళ సమాధుల దొడ్డి ఊరి చివర, డ్రైను కట్ట పక్కన ఉంది. ఇప్పుడు దానికి ఆనుకునే ఒక రొయ్యల చెరువు వచ్చింది. మధ్యలో మట్టికట్ట ఒక్కటే అడ్డు.

గుంట పొద్దున్నే తవ్వారట. మేము వెళ్ళేసరికి అందులో మోకాలి లోతున నీళ్ళున్నాయి. చెరువు ఊట. కుర్రవాళ్ళు బకెట్లతో తోడుతున్నారు. తోడిన కొద్దీ ఊరుతోంది. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. చెరువులోకి నీళ్ళు తోడే మోటారు కాసేపు ఆపమని అడగడానికి ఎవరో వెళ్ళి, కాపలావాడికి ఆ అధికారం లేదని చెప్పి తిరిగి వచ్చారు.

"ఎంతసేపని తోడతాం? దించేద్దాం" అన్నాడు ఒక పెద్దాయన.

తాళ్ళతో దించారు. పెట్టె కిందకు వెళ్ళింది, మళ్ళీ పైకి వచ్చింది. ఒక పక్కకు ఒరిగి, నీళ్ళ మీద తేలింది. ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. మట్టి వేశారు. మట్టి పక్కలకు జారింది, పెట్టె మళ్ళీ తేలింది.

అప్పుడు కొడుకు ప్యాంటు కూడా మడవకుండా గుంటలోకి దిగాడు. పెట్టె మీద రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి అదిమిపెట్టాడు. "వెయ్యండి" అన్నాడు. ఎవరూ పార కదపలేదు. "వెయ్యండి బాబాయ్" అని మళ్ళీ అన్నాడు. వేశారు. మట్టి అతని చేతుల మీద పడింది, మోచేతుల దాకా వచ్చింది. మొహం పెట్టెకు దగ్గరగా ఉంది. ఏదో అంటున్నాడు, చెరువు మోటార్ల చప్పుడులో మాకెవరికీ వినపడలేదు. మట్టి బరువు సరిపోయిందని పైవాళ్ళు చెప్పినా అతను చేతులు తియ్యలేదు. బాబాయి వరసయ్యే మనిషి కిందికి వంగి భుజాలు పట్టుకుని, "చాల్లేరా, మునిగిందిలే, ఇంక రా" అంటూ పైకి లాగాడు.

గుంట పూడ్చాక మనుషులు ఒక్కొక్కరే కదిలారు. అతను డ్రైనులో చేతులు కడుక్కుని నా దగ్గరకు వచ్చాడు.

"చీకటి పడుద్దండి పంతులమ్మగారూ. ఆఖరి బండి అందుకోవాలి గదా" అని స్టేషను దాకా వచ్చి దిగబెట్టాడు. బండి వచ్చేముందు అతని ఫోను మోగింది. కొంచెం పక్కకు వెళ్ళి మాట్లాడాడు.

"లేదండి, మా ఇంట్లో... అవునండి... రేపా?" అన్నాడు. అవతల మనిషి ఏదో చెప్పాడు. ఇతను చాలాసేపు విన్నాడు. తర్వాత, "సరేనండి, మందు తెచ్చి ఉంచండి, వస్తాను" అని పెట్టేశాడు.